స్కూట్ హెండర్సన్: తాళాలు అప్పగించాలా, ఆగి చూడాలా, అమ్మేయాలా?

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో పొడుగు మనుషుల విషయంలో ఈ మాట తరచూ నిజమవుతుంది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పొడుగాటి విక్టర్ వెంబన్యామా ఏమిటో మొదటి సీజన్ సగం గడిచేసరికే అందరికీ తెలిసిపోయింది. బంతి చేతిలో పట్టుకుని జట్టు ఆటను నడిపే పాయింట్ గార్డ్‌ల దగ్గర మాత్రం ఈ సామెత చెల్లదు. వాళ్లది మామిడి పూత లెక్క. పూత చూసి మురిసిపోయినవాళ్లూ నష్టపోయారు, పిందె రాలుతోందని తోట అమ్ముకున్నవాళ్లూ నష్టపోయారు.

పోర్ట్‌లాండ్ ట్రెయిల్ బ్లేజర్స్ అభిమానులు రెండేళ్లుగా తమ కుర్ర పాయింట్ గార్డ్ స్కూట్ హెండర్సన్ గురించి తెగని వాదన వేసుకున్నది ఇక్కడే: జట్టు ఆటను అతని చేతికి అప్పగించాలా, ఆగి చూడాలా, వేరే జట్టుకు ఇచ్చేయాలా? నేనుండేది పోర్ట్‌లాండ్ పక్కనే హిల్స్‌బరోలో. ఇంటెల్ పుణ్యమా అని ఇక్కడ తెలుగువాళ్లకు కొదవ లేదు. సాయంత్రం బ్లూ లైన్ రైలెక్కి రోజ్ క్వార్టర్‌లో దిగితే జట్టు ఆడే మోడా సెంటర్ నాలుగడుగులు. మా పిన్ని కొడుకు విజయవాడలో ఉంటాడు, కాలేజీ జట్టుకు పాయింట్ గార్డ్‌గా ఆడినవాడు. చలికాలంలో ఇక్కడ సాయంత్రం 7కి ఆట మొదలైతే వాడికి ఉదయం 8:30. టిఫిన్ తింటూ చూస్తాడు, క్వార్టర్ అయిపోగానే ఫోన్ చేస్తాడు. ఇక్కడ రాస్తున్నదాంట్లో సగం ఆలోచన వాడిదే.

ఇది 2025-26 సీజన్ మొదలయ్యే ముందు రాసింది. స్కూట్‌కు 2025 సెప్టెంబర్‌లో ఎడమ కాలి హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) చిరిగింది, నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆటకు దూరమని జట్టు ప్రకటించింది. అతను తిరిగి కోర్టులోకి దిగేలోపు ఎవరి అభిప్రాయం వాళ్లు తేల్చుకోవడానికి ఇదే సరైన సమయం.

ఆశ ఎక్కడ మొదలైంది

2022 అక్టోబర్ 4. నెవాడాలో హెండర్సన్ అనే ఊళ్లో స్కూట్ ఆడే జీ లీగ్ ఇగ్నైట్‌కీ (ఎన్‌బీఏ కింది లీగ్‌లో కుర్రాళ్ల జట్టు), వెంబన్యామా ఆడే ఫ్రెంచ్ జట్టు మెట్రోపాలిటన్స్ 92కీ మధ్య ప్రదర్శన మ్యాచ్. వెంబన్యామా 37 పాయింట్లు కొట్టాడు. స్కూట్ 28 పాయింట్లు, 9 అసిస్టులు (సహచరుడు స్కోరు చేసేలా అందించిన పాస్‌లు). గెలిచింది స్కూట్ జట్టే, 122-115తో. అప్పటికి అతనికి 18 ఏళ్లు. జార్జియా రాష్ట్రం మారియెట్టాలో హైస్కూల్ ముందుగానే ముగించి, కాలేజీ జోలికి పోకుండా 17 ఏళ్లకే ఇగ్నైట్‌తో ఒప్పందం చేసుకున్న కుర్రాడు. ఏ మామూలు సంవత్సరంలోనైనా డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునేచోట, ఇతనే మొదటి పిక్ అయ్యేవాడని ఆ రాత్రి తర్వాత చాలామంది అన్నారు.

2023 జూన్ డ్రాఫ్ట్‌లో మొదట శాన్ ఆంటోనియో వెంబన్యామాను తీసుకుంది. రెండో పిక్‌తో షార్లెట్ బ్రాండన్ మిల్లర్‌ను తీసుకుంది. మూడో పిక్‌తో పోర్ట్‌లాండ్‌కు స్కూట్ దొరికాడు. సరిగ్గా అదే వేసవి, జూలై 1న, పదకొండేళ్లు జట్టును భుజాన మోసిన డేమియన్ లిల్లార్డ్ తనను వేరే చోటికి పంపమని అడిగాడు. సెప్టెంబర్ ఆఖరుకి మిల్వాకీ వెళ్లిపోయాడు. అంటే 19 ఏళ్ల కుర్రాడు ఖాళీ కుర్చీలోకి రాలేదు, ఊరు ఊరంతా బెంగపెట్టుకున్న మనిషి కుర్చీలోకి వచ్చాడు. ఈ సంగతి పక్కనపెట్టి అతని మొదటి సీజన్ అంకెలు చదవడం అన్యాయం.

అలాగని ఆ అంకెలకు అబద్ధపు రంగు వేయక్కర్లేదు. 2023-24లో 62 ఆటలు, సగటున 14 పాయింట్లు, 5.4 అసిస్టులు, 3.4 టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడాలు). ఫీల్డ్ గోల్ శాతం, అంటే వేసిన షాట్లలో పడినవి, 38.5. జట్టు 21 గెలిచి 61 ఓడింది. మరుసటి ఏడు 66 ఆటల్లో పదింటికి మాత్రమే మొదటి ఐదుగురిలో ఉన్నాడు. సగటు 12.7 పాయింట్లు, 5.1 అసిస్టులు. ఫీల్డ్ గోల్ 41.9కి, త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) 32.5 నుంచి 35.4కి పెరిగాయి. జట్టు 36-46కి వచ్చింది. పాయింట్లు తగ్గాయి, ఆట మెరుగైంది. వాదన ముదిరిందీ అందుకే. ఒకరు తగ్గిన పాయింట్లు చూపిస్తారు, ఇంకొకరు పెరిగిన శాతం.

ఎవరి పక్కన నిలబెట్టి కొలవాలి

అభిమానుల వాదనల్లో తొంభై పాళ్లు అసలు పోలిక దగ్గరే తేలిపోతాయి. ఇష్టమున్నవాళ్లు గొప్ప గార్డ్‌గా ఎదిగిన రస్సెల్ వెస్ట్‌బ్రూక్ పేరు ఎత్తుతారు, లేనివాళ్లు మొదటి పిక్‌గా వచ్చి ఆశించినట్టు ఎదగని మార్కెల్ ఫుల్ట్జ్ పేరు ఎత్తుతారు. అక్కడితో మాట అయిపోతుంది. నేను ఒకే షరతు పెట్టుకున్నాను: ఒకే వయసులో మొదలుపెట్టిన గార్డ్‌లనే పక్కపక్కన పెట్టాలి. నాలుగేళ్లు కాలేజీలో ఆడి 22 ఏళ్లకు వచ్చినవాణ్ని 19 ఏళ్లవాడితో కొలవకూడదు. కింద ఉన్న అయిదుగురూ మొదటి సీజన్‌ను 19 ఏళ్ల వయసులో మొదలుపెట్టినవాళ్లే.

| ఆటగాడు | రూకీ (మొదటి) సీజన్ | పాయింట్లు | అసిస్టులు | ఫీల్డ్ గోల్ % | త్రీ % |
|---|---|---|---|---|---|
| ఇమాన్యుయెల్ ముడియే | 2015-16 | 12.8 | 5.5 | 36.4 | 31.9 |
| డీఆరన్ ఫాక్స్ | 2017-18 | 11.6 | 4.4 | 41.2 | 30.7 |
| డెన్నిస్ స్మిత్ జూనియర్ | 2017-18 | 15.2 | 5.2 | 39.5 | 31.3 |
| డేరియస్ గార్లండ్ | 2019-20 | 12.3 | 3.9 | 40.1 | 35.5 |
| స్కూట్ హెండర్సన్ | 2023-24 | 14.0 | 5.4 | 38.5 | 32.5 |

పేర్లు చేత్తో మూసి చూడండి. స్కూట్‌ను వదిలేస్తే వీళ్లలో ఇద్దరు ఆల్ స్టార్లయ్యారు (ఏటా లీగ్‌లో మేటిగా ఎంపికయ్యేవాళ్లు), ఇద్దరు కాలేదు. ఈ అంకెలు చూసి ఎవరెవరో చెప్పమంటే నేను చెప్పలేను. పాయింట్లలో అందరికంటే పైనున్న స్మిత్‌ను డల్లాస్ రెండో సీజన్ మధ్యలోనే న్యూయార్క్‌కు పంపేసింది. ఆ తర్వాత అతను తిరిగిన ఊళ్లలో పోర్ట్‌లాండ్ కూడా ఉంది, 2021-22లో ఇక్కడే ఆడాడు. పాయింట్లలో అందరికంటే కిందనున్న ఫాక్స్ 2023లో ఆల్ స్టార్ అయ్యాడు, అదే ఏడు ఆఖరి నిమిషాల ఆటకు లీగ్ కొత్తగా పెట్టిన క్లచ్ ప్లేయర్ అవార్డును మొట్టమొదట అందుకున్నాడు. కాబట్టి స్కూట్ రూకీ సీజన్ పట్టుకుని ఎవరు ఏ వైపు వాదించినా దాన్ని పక్కన పెట్టేయొచ్చు.

తేడా తెలిసింది రెండో ఏడే. ఫాక్స్ 17.3 పాయింట్లు, 7.3 అసిస్టులు, 45.8 శాతానికి ఎగబాకాడు. గార్లండ్ 17.4, 6.1, 45.1. ముడియే మాత్రం 11 పాయింట్లకు, 3.9 అసిస్టులకు దిగిపోయి, 37.7 శాతం దగ్గరే నిలిచిపోయాడు. అదే ఏడు డెన్వర్‌లో మొదటి ఐదుగురిలో చోటు పోగొట్టుకున్నాడు, 2018 ఫిబ్రవరికల్లా వేరే జట్టుకు వెళ్లిపోయాడు. ముడియే కథ స్కూట్ అభిమానులకు కాస్త గుచ్చుకుంటుంది. అతనూ కాలేజీకి పోకుండా చైనాలో గ్వాంగ్‌డాంగ్ జట్టుకు డబ్బు తీసుకుని ఆడి వచ్చినవాడే. అతనూ మొదటి అడుగులోనే ఎదుటివాణ్ని దాటేసేవాడు. బుట్ట దగ్గరికి చేరాక ఏం చేయాలో తెలియక ఆగిపోయేవాడు.

స్కూట్ రెండో ఏడు ఈ రెండు దారుల మధ్యన ఉంది. గురి మూడేసి శాతం పెరిగింది, ముడియేకి అది జరగలేదు. ఫాక్స్, గార్లండ్‌ల మాదిరి ఉప్పెనలా మాత్రం రాలేదు. అయితే వాళ్లిద్దరికీ రెండో ఏడు నిమిషాలు, బాధ్యత ఎక్కువే దక్కాయి. స్కూట్ నిమిషాలు 28.5 నుంచి 26.7కి తగ్గాయి. అతను వచ్చింది బెంచి మీద నుంచి. పాయింట్లు తగ్గడానికి సగం కారణం అదే. మిగతా సగం సంగతి అంకెల్లో దొరకదు, ఆట చూడాలి.

కాళ్లు చూడు

పోయిన సీజన్‌లో ఒక రోజు తమ్ముడు ఫోన్‌లో ఉన్నాడు. స్కూట్ స్క్రీన్ (కాస్తున్నవాడి దారికి సహచరుడు అడ్డంగా నిలవడం) దాటి పెయింట్‌లోకి, అంటే బుట్ట కింది రంగు గడిలోకి, దూసుకొచ్చాడు. ఎదుటి జట్టు సెంటర్, బుట్టను కాసే పొడుగు మనిషి, చేతులు చాచి నిలబడ్డాడు. స్కూట్ ఒంటి కాలి మీద లేచి, గాలిలో ఉండగా మనసు మార్చుకుని పాస్ ఇవ్వబోయి బంతి పోగొట్టుకున్నాడు. నేను “అయ్యో” అన్నాను.

“అన్నయ్యా, వెనక్కి తిప్పి చూడు. నువ్వు బంతిని చూస్తున్నావు. కాళ్లు చూడు.”

తిప్పి చూశాను. ఒంటి కాలి మీద లేచినవాడికి గాలిలో ఒక్క ఆలోచనకే సమయం ఉంటుంది. లేఅప్ (బుట్ట పక్కనుంచే వేసే షాట్) వేయాలి, లేదా ఎవరు కనబడితే వాళ్ల వైపు విసరాలి. అదే రెండు కాళ్ల మీద ఆగితే బంతి చేతిలోనే ఉంటుంది, మడమ తిప్పి చుట్టూ చూడొచ్చు, సెంటర్ ఎగిరితే కింద నుంచి వేయొచ్చు, మూలనున్న షూటర్‌కి నెమ్మదిగా అందించొచ్చు. జేలెన్ బ్రన్సన్ బతుకంతా ఇదే. 2018లో 33వ పిక్‌గా వచ్చినవాడు, స్కూట్ కంటే ఎత్తు ఎక్కువేం కాదు, ఎగిరే శక్తిలో స్కూట్ ముందు నిలవడు. ఆ రెండు కాళ్ల ఆగడంతోనే న్యూయార్క్‌కు నాయకుడయ్యాడు.

ఆ రోజు నుంచి ఆట చూసేటప్పుడు ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకుంటున్నాను. పేజీకి మూడు గళ్లు. స్కూట్ పెయింట్‌లోకి దిగిన ప్రతిసారీ ఎలా ముగిసిందో మొదటి గడిలో రాస్తాను: లేఅప్, ఫ్లోటర్ (కాస్త ముందే ఎత్తుగా వదిలే షాట్), పాస్, పోగొట్టుకోవడం. ఆగినది ఒక కాలి మీదో రెండు కాళ్ల మీదో పక్కనే గుర్తు పెడతాను. రెండో గడిలో, అతన్ని కాస్తున్నవాడు స్క్రీన్ పైనుంచి (స్కూట్‌ను అంటిపెట్టుకుని) వచ్చాడా, కింద నుంచి (బుట్ట వైపు తగ్గి, స్క్రీన్ వెనకగా) వచ్చాడా. మూడో గడిలో, షాట్ తప్పినప్పుడు వెనక్కి పరుగెత్తాడా లేదా.

రెండో గడి ఎందుకంటే, ఎదుటి జట్లు స్కూట్ గురించి ఏమనుకుంటున్నాయో అందులోనే తెలుస్తుంది. మొదటి ఏడు గార్డ్‌లు హాయిగా స్క్రీన్ కింద నుంచి వచ్చేవాళ్లు. త్రీ వేస్తే వేయనీ, దారి మాత్రం ఇవ్వం అన్నట్టు. కింద నుంచి వచ్చేవాడికి స్కూట్ వేగంతో పనిలేదు, ముందే వెళ్లి ఎదురుగా నిలబడతాడు. ఎంత వేగమున్నా గోడ మీదికి పరుగెత్తినట్టే. త్రీ 35 శాతం దాటాక కొందరైనా పైనుంచి రావలసి వచ్చింది. పైనుంచి వస్తే ఒక్క అడుగు వెనకబడతారు, స్కూట్‌కు ఆ ఒక్క అడుగు చాలు. 2025 జనవరిలో హ్యూస్టన్ మీద 39 పాయింట్లు కొట్టిన రోజు త్రీలు వరసగా పడ్డాయి. పడుతున్న కొద్దీ దారులు తెరుచుకున్నాయి. జట్టు ఓడింది, ఆ ఆట మాత్రం ఇతను ఎంత ఎత్తుకు ఎదగగలడో చూపించింది.

మూడో గడి, అంటే రక్షణ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది మాత్రం అదే. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు, తొంభై కిలోలు దాటిన బరువు, పొడుగు చేతులు. మొదటి ఏడు రక్షణలో ఎక్కడ నిలబడాలో తెలియక స్క్రీన్‌లకు తగులుకుంటూ ఉండేవాడు. రెండో ఏడు ద్వితీయార్ధంలో ఆ తడబాటు చాలా తగ్గింది. టౌమానీ కమారా, డెని అవ్దియా లాంటి సహచరులు పక్కనుంటే రక్షణ పట్టుదల అంటుకుంటుంది.

ముందున్న మూడు దారులు

మొదటి దారి: తాళాలు అప్పగించడం. మొదటి ఐదుగురిలో పెట్టి, బంతి చేతికిచ్చి, తప్పులు చేసినా ఓర్చుకోవాలంటారు ఈ పక్షంవాళ్లు. వీళ్ల ఆధారం ఫాక్స్. శాక్రమెంటో అతనికి రెండో ఏడు వేగమైన ఆట ఇచ్చి పగ్గాలు వదిలేసింది, అతను పండాడు. ఈ వాదనలో బలముంది. బెంచి మీద కూర్చుని ఎవరూ పాయింట్ గార్డ్ కాలేరు. కానీ ఆ శాక్రమెంటోలో ఫాక్స్ కంటే ముందు వరసలో ఎవరూ లేరు. పోర్ట్‌లాండ్‌లో ఇప్పుడు అవ్దియా ఉన్నాడు, బంతి చేతిలో ఉంటే జట్టుకు లాభమని తేలిన మనిషి. షేడన్ షార్ప్ ఉన్నాడు. వాళ్ల చేతుల్లోంచి బంతి లాగి స్కూట్‌కి ఇచ్చి, అతను 41 శాతంతో వేస్తే, పైకి వస్తున్న జట్టు కిందికి జారుతుంది. 21-61 జట్టులో చేసిన ప్రయోగం 36-46 జట్టులో చేయలేం.

రెండో దారి: నెమ్మదిగా, పెద్దవాడి పక్కన. 2025 వేసవిలో జట్టు తన గార్డ్ ఆన్‌ఫర్నీ సైమన్స్‌ను బోస్టన్‌కు ఇచ్చి, అనుభవమున్న గార్డ్ జ్రూ హాలిడేను తెచ్చుకుంది. లిల్లార్డ్ కూడా మూడేళ్ల ఒప్పందం మీద ఇంటికొచ్చాడు. మడమ నరం తెగినందువల్ల ఈ సీజన్ ఆడడు, బెంచి దగ్గర మాత్రం ఉంటాడు. ఇద్దరూ 1990లో పుట్టినవాళ్లే, 35 ఏళ్లు. కొందరు అభిమానులు దీన్ని స్కూట్ మీద అపనమ్మకంగా చదివారు. నేను అలా చదవను. సైమన్స్‌కు బంతి చేతిలో కావాలి, స్కూట్‌కూ బంతి కావాలి, రక్షణలో సైమన్స్ బలహీనం, స్కూట్ ఇంకా నేర్చుకుంటున్నాడు. హాలిడే బంతి లేకుండా బతకగలడు, ఎదుటి జట్టులో కష్టమైన గార్డ్‌ను తానే కాస్తాడు. స్కూట్‌కు ఇంతకంటే అనుకూలమైన జోడీ దొరకదు. క్వార్టర్ మొదట్లో ఇద్దరూ కలిసి, హాలిడే కూర్చున్నప్పుడు పగ్గాలు స్కూట్ చేతిలో. రోజుకు ఇరవై నిమిషాలైనా జట్టు తనదే అన్నట్టు ఆడతాడు.

మూడో దారి: విలువ ఉండగానే అమ్మేయడం. ఆలస్యం అమృతం విషమంటారు వీళ్లు. ముడియేను డెన్వర్ పంపేనాటికి చేతికి దక్కింది ఏమంత లేదు, స్మిత్ విషయంలో డల్లాస్ మాత్రం ముందే కదిలి, క్రిస్టాప్స్ పోర్జింగిస్‌ను తెచ్చుకునే బేరంలో అతన్ని కలిపేసింది. డల్లాస్ చేసింది తెలివైన పనే, ఒప్పుకుంటాను. కానీ డల్లాస్‌కు అప్పటికే లూకా డాంచిచ్ ఉన్నాడు, మరో గార్డ్ అక్కర్లేదు. పోర్ట్‌లాండ్‌కు అలాంటి మనిషి లేడు.

అమ్మేయమనేవాళ్లకు నేను గుర్తుచేసే మరో పేరు మొదటి రెండు సీజన్లూ స్కూట్‌కు కోచ్‌గా ఉన్న చాన్సీ బిలప్స్‌దే. 1997లో అతనూ మూడో పిక్కే. బోస్టన్ అతనికి ఒక్క సీజన్ కూడా పూర్తిగా ఇవ్వలేదు, 51 ఆటలు కాగానే టొరంటోకు పంపేసింది. అక్కడి నుంచి డెన్వర్, ఓర్లాండో, మిన్నెసోటా. 2002లో డెట్రాయిట్ చేరేనాటికి చాలామంది అతని మీద ఆశ వదులుకున్నారు. 2004లో లేకర్స్‌ను ఓడించి ఛాంపియన్ అయిన డెట్రాయిట్‌లో ఫైనల్స్ ఎంవీపీ (ఫైనల్స్‌లో మేటి ఆటగాడు) అతనే. పండు పండింది, నాటినవాళ్ల తోటలో మాత్రం కాదు.

అసలు మూడో పిక్‌తో ఆమెన్ థాంప్సన్‌ను తీసుకోవలసింది కదా అనే వాదన ఒకటుంది. థాంప్సన్ గొప్పగా ఆడుతున్నాడు, 2025లో ఆల్ డిఫెన్సివ్ మొదటి జట్టులోకి (ఆ ఏడు రక్షణలో మేటి ఐదుగురిలోకి) వచ్చాడు. అయిపోయిన పెళ్లికి మేళం ఎందుకు? ఇప్పుడు చేయాల్సిన ఎంపికకు ఆ మాట ఏ రకంగానూ సాయపడదు.

డబ్బు లెక్క

అభిమానులు దీన్ని వదిలేసి మాట్లాడుతుంటారు, జట్టు మాత్రం వదలదు. రూకీ కాంట్రాక్టు నాలుగేళ్లు. మూడో సీజన్ ముగిశాక, అంటే 2026 వేసవి నుంచి ఆ ఏడు సీజన్ మొదలయ్యేలోపు, స్కూట్‌తో పొడిగింపు కుదుర్చుకోవచ్చు. కుదరకపోతే నాలుగో ఏడు ఆడి 2027 వేసవిలో రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అవుతాడు. అప్పుడు వేరే జట్టు ఏ ఆఫర్ ఇచ్చినా, అదే మొత్తం తామిచ్చి ఉంచుకునే హక్కు పోర్ట్‌లాండ్‌కు ఉంటుంది.

రెండు మూడు బేరాలు పక్కన పెట్టి చూడండి. 2024 అక్టోబర్‌లో ఓర్లాండో జేలెన్ సగ్స్‌కు అయిదేళ్లకు 15 కోట్ల డాలర్లు ఇచ్చింది. అతను షూటింగ్ కంటే రక్షణతో ఎదిగిన గార్డ్. అదే నెల హ్యూస్టన్ జేలెన్ గ్రీన్‌కు మూడేళ్లకు 10.6 కోట్ల డాలర్లు ఇచ్చి, ఏడాది తిరక్కముందే కెవిన్ డురాంట్ బేరంలో ఫీనిక్స్‌కు పంపింది. షికాగో జట్టు, దాని గార్డ్ జాష్ గిడ్డీ మాత్రం ముందుగా ఏమీ తేల్చుకోలేదు. రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్‌గా వేసవంతా లాగి, 2025 సెప్టెంబర్‌లో నాలుగేళ్లకు 10 కోట్ల డాలర్ల దగ్గర ముగించారు. ఆ వేసవి చాలా జట్ల దగ్గర జీతాల పరిమితిలో ఖర్చుపెట్టే జాగా లేదు, కుర్ర ఆటగాళ్లకు గిరాకీ పలచబడింది. ఆగిన జట్టుకే బేరం కలిసొచ్చింది.

ఇక నా ఎంపిక

రెండో దారినే ఎంచుకుంటాను. ఈ సీజన్ హాలిడే పక్కన ఆడించాలి. 2026 వేసవిలో అతను సగ్స్ ధరకు బాగా తక్కువకు ఒప్పుకుంటే సంతకం చేయించాలి. ఒప్పుకోకపోతే కోపం తెచ్చుకోకుండా 2027 దాకా ఆగాలి. హక్కు చేతిలో ఉన్నవాడికి తొందరేమిటి?

ఎప్పుడు మనసు మార్చుకుంటానో కూడా చెప్పాలి, లేకపోతే ఇది అభిమానమే తప్ప సలహా కాదు. గాయం నుంచి తిరిగొచ్చాక మొదటి పది ఆటలు లెక్కలోకి తీసుకోను. హ్యామ్‌స్ట్రింగ్ గాయం వేగం మీదే దెబ్బ తీస్తుంది, నమ్మకంగా కాలు చాచడానికి సమయం పడుతుంది. ఆ తర్వాతి ముప్పై ఆటల్లో ఫీల్డ్ గోల్ 44 దరిదాపుల్లోకి వచ్చి, త్రీ 35 కంటే కిందికి దిగకుండా ఉంటే మొదటి దారివాళ్ల వైపు జరుగుతాను, 2026-27లో తాళాలు ఇచ్చేయమంటాను. త్రీ మళ్లీ 32కి పడిపోయి, గార్డ్‌లు స్క్రీన్ కింద నుంచి రావడం మొదలుపెడితే, ఎంత బాధైనా మూడో దారి మాట వింటాను. అప్పటికీ అతనికి 22 ఏళ్లే, అడిగే జట్లు ఉంటాయి.

పాయింట్ల సగటు ఎంతుందని మాత్రం అడగను. 13 దగ్గరే ఉన్నా సరే. హాలిడే, అవ్దియా, షార్ప్ ఉన్న జట్టులో స్కూట్ 20 కొడుతున్నాడంటే ఎవరో గాయపడి ఉంటారు, అంతే.

మీరు భారతదేశంలో ఉండి అన్ని ఆటలూ చూడలేకపోతే, పోర్ట్‌లాండ్ సొంత ఊళ్లో ఆడే ఆటలు ఎంచుకోండి. పొద్దున్నే పడతాయి, రెండో క్వార్టర్ మొదట్లో హాలిడే కూర్చునే సమయం తప్పకుండా చూడండి. ఆ ఆరేడు నిమిషాలు పగ్గాలు స్కూట్‌వే. నాలుగుసార్లయినా పెయింట్‌లోకి దిగుతాడు.

తమ్ముడు మొన్న ఫోన్ చేసి, ఈ ఏడు తానూ ఒక నోట్‌బుక్ కొన్నానన్నాడు. మూడు గళ్లు ఎందుకు, తనకు ఒక్కటి చాలట. పేజీ పైన “రెండు కాళ్లు” అని రాసి పెట్టుకున్నాడు.